ప్లీడరు ఫీజు దగ్గర పేచీ వస్తే: బార్ కౌన్సిల్‌కి వెళ్లాలా, వకాల్తా మార్చుకోవాలా?

"ఒప్పుకున్నదానికంటే ఎక్కువ అడుగుతున్నారు, ఇవ్వకపోతే ఫైలు ఇవ్వనంటున్నారు, ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలి?" మా అమ్మ భూమి దావా సంగతి తెలిసినవాళ్లు ఈమధ్య నన్ను ఇదే అడుగుతున్నారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: వాయిదా ఎప్పుడు?

ఎవరిది న్యాయం అన్నదానికంటే ముందు, కేసు ఇంకా నడుస్తోందా అన్నది చూసుకోవాలి. పేచీ పడ్డ ప్లీడరు గారు వాయిదాకి రాక, మనమూ వెళ్లకపోతే దావాని డిఫాల్ట్ కింద, అంటే ఎవరూ రాలేదని, కొట్టేసే ప్రమాదం ఉంది. మళ్లీ తెరిపించాలంటే 30 రోజుల్లో పిటిషన్ వేయాలి, రాలేకపోవడానికి సరైన కారణం చూపాలి. పాతికవేల దగ్గర పంతానికి పోతే ఎకరం పొలం మీద హక్కే ఇరకాటంలో పడుతుంది.

బార్ కౌన్సిల్ అంటే అడ్వొకేట్ల నమోదు, క్రమశిక్షణ చూసే సంస్థ. ఆ దారి చిన్నదేమీ కాదు. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయవచ్చు. తప్పు తేలితే మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, అడ్వొకేట్ల జాబితా (రోల్) నుంచి పేరే తీసేయవచ్చు. ఏడాదిలో తేల్చకపోతే ఫిర్యాదు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి వెళ్తుంది. కానీ అది ప్లీడరు నడవడి మీద విచారణ. మన ఫీజు లెక్క తేల్చి డబ్బు వెనక్కి ఇప్పించడం దాని అసలు పని కాదు, రేపటి వాయిదాకి మన తరఫున నిలబడే మనిషిని కూడా అది ఇవ్వదు.

ఫైలు ఆపే హక్కు ప్లీడరుకి లేదని సుప్రీంకోర్టు 2000లోనే స్పష్టంగా చెప్పింది. ఫీజు బాకీ ఉందని ఒక బ్యాంకు ఫైళ్లు ఆపేసిన అడ్వొకేట్ కేసు అది. బాకీ ఉంటే దానికి వేరే దారులున్నాయి, కాగితాలు మాత్రం తిరిగి ఇవ్వాల్సిందే అన్నారు. ఆయనకి బార్ కౌన్సిల్ వేసిన 18 నెలల నిషేధాన్ని మాత్రం మందలింపుకి తగ్గించారు, ఇకపై ఎవరైనా ఇలా చేస్తే దీన్ని ఉదాహరణగా తీసుకోవద్దని చెబుతూనే.

నా ఓటు వకాల్తా, అంటే మన తరఫున వాదించమని ప్లీడరుకి రాసిచ్చే అధికార పత్రం, మార్చుకోవడానికే, అయితే ముందు లెక్క కాగితం మీద పెట్టాలి. మా అమ్మకి యాభై వేలు అని నోటిమాటగా చెప్పారు. సాక్ష్యం మొదలవ్వబోతుండగా ఇంకో నలభై వేలు అడిగారు. రసీదులు ఒక్కటీ లేవు. అమ్మ మాత్రం ఇచ్చిన ప్రతిసారీ గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిలుతో "ప్లీ. 500" అని రాసుకుంది. నాలుగేళ్ల క్యాలెండర్లు ఇనప్పెట్టె వెనక చుట్టి ఉన్నాయి. ఒక రాత్రి కూర్చుని కూడితే ఫీజు కింద 45,000, వాయిదా ఖర్చుల కింద 33 సార్లు 500 చొప్పున 16,500, మొత్తం 61,500 తేలింది. కోర్టు కేసుల వివరాలు చూపే ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ ఉండే ప్రత్యేక నంబరు) కొట్టి చూస్తే అప్పటికి నడిచిన వాయిదాలు 26, అంటే ఏడు సార్లు ఎక్కువ ఇచ్చాం.

ఆ లెక్కంతా ఒకే పేజీలో, కోపం మాట ఒక్కటీ లేకుండా రాసి స్పీడ్ పోస్టులో పంపాం. ఫీజు ఎంత, ఖర్చు ఎంత, మిగతాది దేనికో రాసి ఇవ్వమని అడిగాం. క్లయింటు డబ్బుకి లెక్క ఉంచడం, అడిగితే చూపడం బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. నాలుగో రోజు ఆయనే ఫోన్ చేసి "రామ్మా, మాట్లాడుకుందాం" అన్నారు. ఒప్పుకున్న ఫీజులో మిగిలింది 5,000 అయితే 10,000 ఇచ్చి ముగించాం. మా లెక్క ప్రకారం 5,000 ఎక్కువే. అయినా ఆ పూటే కొత్త ప్లీడరు వకాల్తా మీద తనకి అభ్యంతరం లేదని (నో అబ్జెక్షన్) రాసి ఇచ్చారు, ఫైలూ ఇచ్చారు. అసలు దస్తావేజులు ఒక్కొక్కటీ చూసుకుని, జాబితా రాసి, ఇద్దరం సంతకాలు పెట్టాకే బయటికొచ్చాం.

నో అబ్జెక్షన్ ఇవ్వకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. కొత్త ప్లీడరు కారణం చెప్పి కోర్టు అనుమతి తీసుకుని వకాల్తా వేయవచ్చు. చాలామంది ఇది తెలియకే కాళ్లావేళ్లా పడుతున్నారు. ఫైలు రాకపోయినా కోర్టులో దాఖలైనవాటికి సర్టిఫైడ్ కాపీలు దొరుకుతాయి.

వినియోగదారుల ఫోరం సంగతి కూడా అడుగుతున్నారు. 2024 మే 14న సుప్రీంకోర్టు లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని తేల్చింది, ఆ ఆలోచన వదిలేయండి. డబ్బు వాపసుకి సివిల్ దావా వేయవచ్చు, పెద్ద మొత్తమైతేనే. ఇద్దరూ ఒప్పుకుంటే న్యాయ సేవాధికార సంస్థ దగ్గర ప్రీ లిటిగేషన్ (కోర్టులో దావా వేయకముందే) కేసుగా పెట్టి లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు, కోర్టు ఫీజు ఉండదు.

కేసు ముగిసిపోయి, వచ్చిన సొమ్ములో వాటా అడుగుతుంటే నా సలహా వేరు. యాక్సిడెంట్ పరిహారంలో ఇంత శాతం అని ఒప్పందం చేసుకోవడం చెల్లదు. తెలంగాణ నుంచి వెళ్లిన ఇలాంటి కేసులోనే, భర్తని పోగొట్టుకున్న ఆవిడ మీద అడ్వొకేట్ వేసిన చెక్ బౌన్స్ కేసుని 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పరిహారం మీద పర్సంటేజీ అడిగినా, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టమన్నా పెట్టకండి. అక్కడ కాపాడుకోవాల్సిన వాయిదా ఏమీ ఉండదు కాబట్టి, నేరుగా బార్ కౌన్సిల్‌కే రాయండి.