అడవి గుండా సముద్రానికి: ఈస్ట్‌బోర్న్ సుద్దకొండల్లో నాలుగు రోజులు

లండన్‌లో ఉంటున్న మా అమ్మాయి మమ్మల్ని మొదట డోవర్ తీసుకెళ్దామనుకుంది. తెల్లని కొండచరియలంటే అందరూ చెప్పే పేరు అదే. కానీ మావారికీ నాకూ వాహనం దిగి చూసి వచ్చే చోటు కన్నా నడవగలిగే చోటు కావాలి. అందుకే ఆగ్నేయ తీరంలోని ఈస్ట్‌బోర్న్ ఎంచుకున్నాం. మే మొదటి వారంలో మూడు రాత్రులు అక్కడ ఉన్నాం. లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి రైల్లో గంటన్నర ప్రయాణం.

చాలామంది పొద్దున్నే లండన్‌లో బయలుదేరి, కొండచరియల దగ్గర ఫోటోలు దిగి, రాత్రికి తిరిగి వెళ్లిపోతారు. అలా చేయవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇక్కడ ముందు లోపలి పల్లెలూ అడవీ నడవాలి, సముద్రపు అంచుకు ఆ తరువాత చేరాలి. అలా నడిస్తేనే ఆ తెల్లని గోడ మన కాళ్ల కింది కొండేనని, సముద్రం దాన్ని నిలువునా కోసిందని అర్థమవుతుంది.

ఈ కొండలను సౌత్ డౌన్స్ అంటారు. పాత ఇంగ్లిషులో కొండకు ఉన్న మాట నుంచి ఆ పేరు వచ్చింది, ఇక్కడ దాని అర్థం కిందికి అని కాదు. సుమారు 8 కోట్ల ఏళ్ల కిందట వెచ్చని సముద్రపు అడుగున, కంటికి కనిపించనంత చిన్న జీవుల పెంకులు పేరుకుని ఏర్పడిన సుద్ద ఇది. బడిలో నల్లబల్ల మీద రాసిన సుద్దముక్కే కొండగా నిలబడిందనుకోండి. 2010లో ఈ ప్రాంతాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ వరకు 160 కిలోమీటర్ల కాలిబాట, సౌత్ డౌన్స్ వే, ఈ కొండల మీదుగానే సాగుతుంది. మేము నడిచింది దాని చివరి భాగం.

బస సంగతి. సముద్రానికి ఎదురుగా ఉన్న హోటళ్లకు కిటికీలోంచి కనిపించే దృశ్యం వల్ల అద్దె ఎక్కువ. రోజంతా కొండల మీద ఉండేవాళ్లకు ఆ కిటికీతో పని లేదు. మేము రెండు వీధులు వెనక, పాత ఇంట్లో నడిపే ఒక చిన్న బసలో దిగాం. గది శుభ్రంగా ఉంది. ఇంటావిడ మంచి మనిషి, మా తడిసిన బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కి తెల్లారేసరికి ఆరబెట్టి ఇచ్చింది. అయితే గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు. బుక్ చేసేటప్పుడు ఆ మాట ఎక్కడా చెప్పలేదు. మావారి మోకాళ్లకు అది నిజంగా ఇబ్బంది అయింది. పైగా ఉదయపు ఫలహారం ఎనిమిదిన్నరకు గాని పెట్టరు, నడకకు వెళ్లేవాళ్లకు అది ఆలస్యం. ఈ రెండూ ముందే అడిగి తెలుసుకోండి. శాకాహారులకు టోస్టు, పుట్టగొడుగులు, టమాటా, చిక్కుడు గింజలు దొరికాయి. మధ్యాహ్నానికి అమ్మాయి ఇంట్లో కలిపి తెచ్చిన పులిహోర రెండు రోజులు వచ్చింది.

మొదటి మధ్యాహ్నం బస్సులో సీఫర్డ్ వెళ్లాం. ఈస్ట్‌బోర్న్, బ్రైటన్‌ల మధ్య తీరం వెంట తిరిగే ఆ రెండంతస్తుల బస్సే ఇక్కడి నడకలకు ఆధారం. పై అంతస్తులో ముందు సీటు దొరికితే ఆ ప్రయాణమే ఒక విహారం. సీఫర్డ్ హెడ్ అనే మెట్ట ఎక్కి అవతలి వైపు దిగుతుంటే, కక్‌మియర్ నది ముఖద్వారానికి ఆవల ‘సెవెన్ సిస్టర్స్’ వరుసగా కనిపిస్తాయి. ఏడుగురు అక్కచెల్లెళ్లని ఆ తెల్లని శిఖరాలకు పేరు. క్యాలెండర్లలో చూసే బొమ్మ ఇక్కడి నుంచి తీసిందే. ఒక్క పూట మాత్రమే ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఈ చోటే. శిఖరాల మీద నడిచేటప్పుడు మన కాళ్ల కింది గోడ మనకు కనిపించదు.

రెండో రోజు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఈస్ట్‌బోర్న్ నుంచి రైల్లో బెరిక్ అనే చిన్న స్టేషన్‌లో దిగి, పొలాల గట్ల మీదుగా గంటకు పైగా నడిచి ఆల్‌ఫ్రిస్టన్ చేరాం. అక్కడి చర్చి పక్కన క్లర్జీ హౌస్ అనే గడ్డికప్పు ఇల్లు ఉంది. 14వ శతాబ్దం నాటిది. శిథిలమవుతున్న దాన్ని 1896లో, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ 10 పౌండ్లకు కొన్నది, ఆ సంస్థ కొన్న మొట్టమొదటి కట్టడం ఇదే. లోపలి నేల చూసి నేను ఆగిపోయాను. సుద్దను దిమ్మిస కొట్టి, పులిసిన పాలు పోసి గట్టిపరిచిన నేల అది. పేడతో అలికిన మా అమ్మమ్మ ఇంటి నేల గుర్తుకొచ్చింది. చేతికి దొరికిన మట్టిని, ఇంట్లో మిగిలిన పాలను నేలగా మార్చుకున్న ఆ ఇల్లాళ్లు నాకు పరాయివాళ్లుగా అనిపించలేదు. వారంలో అన్ని రోజులూ తెరిచి ఉండదు కాబట్టి ముందు చూసుకుని వెళ్లండి.

అక్కడి నుంచి కక్‌మియర్ ఒడ్డు వెంట లిట్లింగ్టన్ దాకా చదునైన దారి. ఎదుటి కొండవాలు మీద గడ్డి చెక్కి 1924లో తీర్చిన తెల్ల గుర్రం కనిపిస్తుంది. ఊళ్లో తోటలో కూర్చోబెట్టి టీ ఇచ్చే పాత చోటు ఉంది. స్కోన్లు, మీగడ, జామ్‌తో టీ తాగి లేచేసరికి కాళ్లకు మళ్లీ బలం వచ్చింది.

లిట్లింగ్టన్ దాటాక ఫ్రిస్టన్ అడవి. ఇక్కడివి ఎక్కువగా బీచ్ (beech) అనే జాతి వృక్షాలు. మే నెల కొత్త ఆకుల్లోంచి దిగే వెలుగు లేత పచ్చగా ఉంటుంది, మన వైపు వేసవి మొదట్లో కానుగ చెట్టు చిగిర్చినప్పుడు కనిపించే రంగు. ఇది అనాదిగా ఉన్న అడవి కాదు. 20వ శతాబ్దంలో సుమారు 2000 ఎకరాల్లో నాటిన వనం. సుద్ద వాన నీటిని పైన నిలవనీయకుండా లోపలికి లాక్కుని దాచుకుంటుంది. ఈస్ట్‌బోర్న్ పట్టణానికి నీళ్లిచ్చే ఆ భూగర్భాన్ని కాపాడటానికి పైనున్న భూమిని కొని, చెట్లు పెంచారు. నీటి కోసం అడవిని పెంచిన ఆ ముందుచూపు మీద నాకు గొప్ప గౌరవం కలిగింది. ఇంత మంచి చోట రెండు గంటల్లో మాకు ఎదురైనవాళ్లు పదిమందికి మించరు. కొండచరియల దగ్గర తోపులాట, ఇక్కడ నిశ్శబ్దం.

అడవి మధ్యలో వెస్ట్‌డీన్ అనే కుగ్రామం ఉంది. చెకుముకి రాళ్లతో కట్టిన గోడలు, చిన్న కుంట. అక్కడి నుంచి పొడవాటి మెట్లదారి ఒక గుట్ట ఎక్కిస్తుంది. పైన రాతిగోడ దగ్గర నిలబడగానే, చెట్లు ఒక్కసారిగా తప్పుకుని, మెలికలు తిరుగుతూ సముద్రానికి వెళ్లే కక్‌మియర్ కనిపించింది. మొదట పొలం, పల్లె, తరువాత అడవి, ఆఖరున నీళ్లు. ఈ క్రమంలో రావాలని నేను చెప్పేది ఈ ఒక్క క్షణం కోసం. గుట్ట దిగితే ఎక్సీట్, అక్కడే బస్సు ఆగుతుంది. మొత్తం పది కిలోమీటర్లు ఉంటుంది.

మూడో రోజు ఎక్సీట్‌లోనే దిగి, నది పక్కగా సముద్రం వైపు నడిచి, కొండ అంచు ఎక్కి ఈస్ట్‌బోర్న్‌కు తిరిగి వచ్చాం. సుమారు 13 కిలోమీటర్లు. పడమర నుంచి తూర్పుకే నడవండి, అక్కడ ఎక్కువగా వీచే నైరుతి గాలి వీపును తోస్తుంది, బస చేరువవుతూ ఉంటుంది. మొదటి శిఖరం హేవెన్ బ్రో అన్నిటిలోకీ ఎత్తు, 77 మీటర్లు. ఎత్తు చూసి తేలిక అనుకోవద్దు. ఎక్కిన ప్రతిసారీ దిగాలి, దిగిన ప్రతిసారీ మళ్లీ ఎక్కాలి. పేరుకు ఏడుగురు గాని మేము ఎక్కి దిగినవి ఎనిమిది. మధ్యలోని పల్లాలన్నీ ఒకప్పటి వాగుల లోయలు. మంచుయుగంలో నేల గడ్డకట్టి నీరు ఇంకని రోజుల్లో ప్రవాహాలు తొలిచినవి. మంచు పోయాక సుద్ద నీళ్లన్నీ తాగేసింది, లోయలు ఎండిపోయాయి. ముందురోజు అడవి కింద దాగిన నీటి కథే ఇది, ఈసారి సముద్రం కోసి చూపిస్తోంది.

గొర్రెలు మేసిన పొట్టి గడ్డిలో పసుపు కౌస్లిప్ పూలు, పైన ఎక్కడో స్కైలార్క్ పిట్టల ఎడతెగని పాట. రాత్రి వాన పడింది. తడిసిన సుద్ద సబ్బులా జారుతుంది. మూడో శిఖరం దిగేటప్పుడు నేను జారి చేయి ఆనించి కూర్చుండిపోయాను, అరచెయ్యి గీసుకుపోయింది. చేతికర్ర, పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి. దారిలో నీళ్లు దొరకవు, నీడ లేదు.

అంచు గురించి గట్టిగా చెప్పాలి. సుద్ద అంచులు లోపల తొలుచుకుపోయి గాలిలో వేలాడుతుంటాయి, పై నుంచి అది తెలియదు. చాలాచోట్ల కంచె లేదు. అయినా పిల్లలు అంచున కాళ్లు వేలాడేసి ఫోటోలు దిగుతున్నారు. ఇద్దరు కుర్రాళ్లను అమ్మాయి వెళ్లి వెనక్కి పిలిచింది. ఏ ఫోటో కోసమూ అంచు దగ్గరకు పోకండి. కింద గోడను ఆనుకుని కూర్చోవడమూ అంతే ప్రమాదం.

శిఖరాలు ముగిశాక బర్లింగ్ గ్యాప్. నేషనల్ ట్రస్టు కాఫీ హోటలూ, మరుగుదొడ్లూ, సముద్రంలోకి దిగే ఇనుప మెట్లూ ఉన్నాయి. సూప్ వేడిగా, రుచిగా ఉంది, వరుస మాత్రం పొడవు. పక్కనే ఒకప్పటి తీర కాపలాదారుల ఇళ్ల వరుస. అంచు దగ్గరపడినప్పుడల్లా చివరి ఇంటిని కూల్చేస్తూ వచ్చారు. ఇంకొంత దూరంలో బెల్ టూట్ అనే పాత దీపస్తంభానికి కూడా ఆ గతే పట్టేది. 1999లో ఆ 850 టన్నుల కట్టడాన్ని యథాతథంగా జాకీలతో లేపి 17 మీటర్లు వెనక్కి జరిపారు. ఇప్పుడు అందులో బస చేయవచ్చు.

చివరిది బీచీ హెడ్, 162 మీటర్లు, బ్రిటన్‌లో సముద్రం మీది సుద్దచరియల్లో ఎత్తయినది. ఇంచుమించు మూడు చార్మినార్లను ఒకదాని మీద ఒకటి నిలిపినంత. కింద 1902 నాటి ఎర్రచారల దీపస్తంభం 43 మీటర్లున్నా బొమ్మలా కనిపిస్తుంది. అక్కడి నుంచి పట్టణానికి దిగే వాలు మోకాళ్లను బాగా పరీక్షించింది. మావారు ఆ వాలులో నాలుగుసార్లు ఆగారు. సాయంత్రం సముద్రంలోకి కట్టిన రేవు వంతెన మీద బల్ల దొరికితే కూర్చున్నాం, అంతకు మించి పట్టణంలో మేము చూసింది లేదు.

నాలుగో రోజు తిరుగు ప్రయాణంలో బ్రైటన్‌లో దిగి, దాని శివారు పాచమ్ పైన ఇవే సౌత్ డౌన్స్ మీద ఉన్న ఛత్రీ అనే స్మారకానికి నడిచాం. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి, బ్రైటన్ రాజభవనంలోనూ ఊళ్లో ఇతర చోట్లా పెట్టిన ఆసుపత్రులకు చేరి చనిపోయిన హిందూ, సిక్కు సైనికులను ఇక్కడ దహనం చేశారు. ఆ చోట పాలరాతి మండపం కట్టి 1921 ఫిబ్రవరి 1న ఆవిష్కరించారు. పక్కన 2010లో పెట్టిన రాతిఫలకం మీద 53 మంది పేర్లున్నాయి. బస్సు దిగాక అరగంటకు పైగా నడక, దారి గుర్తులు తక్కువ, అంగడి ఏదీ లేదు. మావారు పేర్లన్నీ పైకి చదివారు. చుట్టూ గొర్రెలు మేస్తున్నాయి, దూరంగా సముద్రం కనిపిస్తోంది. పన్నెండున్నర బస్సు అందుకోవాలని అమ్మాయి తొందరపెట్టింది గాని, ఆయన చదవడం పూర్తయ్యేదాకా మేము కదలలేదు.