ఉక్కు తీగలా, నైలాన్ తీగలా: డెల్టాలో జీవితాంతం వాయించుకునే గిటారుకు ఏది మేలు?

గిటారు కొనాలనుకుంటున్నామని ఎవరైనా చెబితే నేను వారిని ముందుగా మూడు సంగతులు అడుగుతాను: వయస్సెంత, పాడుతూ వాయిస్తారా, ఇంటికి సముద్రం ఎంత దూరం? పాలకొల్లులోనైనా అమలాపురంలోనైనా ధర, రంగు చూసి వాయిద్యాన్ని ఎంచుకోవడమే ఎక్కువ. అయితే ఇరవై ఏళ్ల తర్వాత కూడా అది చేతిలో ఉంటుందా, అటక మీదికి చేరుతుందా అన్నది చాలావరకు తీగలను బట్టే ఉంటుంది.

చూపుకు రెండూ ఒకేలా ఉన్నా నిర్మాణంలో అవి వేర్వేరు వాయిద్యాలు. శ్రుతి చేసిన ఆరు ఉక్కు తీగలు, సన్నరకమైనా సరే, కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. నైలాన్ తీగల లాగుడు సుమారు 40 కిలోలు. అందుకే ఉక్కు తీగల గిటారు మెడలో లోహపు కడ్డీ, పైపలక అడుగున ఎక్స్ ఆకారంలో బద్దలు ఉంటాయి. నైలాన్ గిటారు పలక కింద విసనకర్రలా పరచిన సన్నని బద్దలు ఉంటాయి. ఆ పద్ధతిని స్పెయిన్‌లో ఆంటోనియో టోరెస్ (1817–1892) తీర్చిదిద్దాడు. నైలాన్ గిటారుకు ఉక్కు తీగలు బిగిస్తే బ్రిడ్జి, అంటే పలక మీద తీగలను పట్టి ఉంచే చెక్క, ఊడివచ్చే ప్రమాదం ఉంది. మా ఊళ్లోనే అలా పాడైన వాయిద్యాన్ని చూసి బాధపడ్డాను.

వేళ్ల విషయం అన్నిటికన్నా ముఖ్యం. ఉక్కు తీగ మొదటి వారాల్లో వేలికొనలను కోస్తుంది. రోజూ అరగంట సాధన చేస్తే నెల రోజుల్లో కాయలు కాచి నొప్పి తగ్గుతుంది. సాధన ఆగితే ఆ కాయలు కరిగిపోతాయి. కోతల కాలంలోనో, చెరువు పట్టుబడి రోజుల్లోనో, ఇంట్లో పెళ్లి పనుల్లోనో రెండు నెలలు గిటారు ముట్టనివారు మళ్లీ కూర్చున్నప్పుడు ఆ నొప్పి మొదటికొస్తుంది. నేను చూసినంతలో ఎక్కువమంది ఇక్కడే మానేశారు. నైలాన్ తీగ మెత్తన కనుక, ఎన్నాళ్ల తర్వాత వచ్చినా చేయి పట్టనిస్తుంది. చిన్న చేతులకు నైలాన్ గిటారు మెడ వెడల్పు మాత్రం కష్టమే: తల దగ్గర 52 మిల్లీమీటర్లు, ఉక్కు తీగల గిటారుకు 43 దాకా. అయినా వయస్సు మీదపడే చేతికి ఆ మెత్తదనమే ఎక్కువ సాయం. 1893లో పుట్టిన ఆంద్రేస్ సెగోవియా తొంభై దాటాక కూడా కచేరీలు చేశాడు. ఆయన తొలినాళ్లలో వాయించినవి పేగు తీగలు. 1940లలో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ నైలాన్ తీగలను తయారుచేశాక వాటికి మారాడు.

పాట సంగతికి వస్తే ఉక్కు తీగలదే పైచేయి. చర్చిలోనో భజనలోనో పదిమంది గొంతులు కలిసినప్పుడు పిక్‌తో మీటిన ఉక్కు తీగ స్పష్టంగా వినిపిస్తుంది, నైలాన్ నాదం ఆ గొంతుల్లో కలిసిపోతుంది. కీర్తన వాయించాలనుకునేవారికి మరో లోటు కూడా ఉంది: వీణ మీద తీగను లాగి గమకం పలికించినట్టు ఉక్కు తీగను పక్కకు లాగితే స్వరం బాగా పైకి వెళుతుంది, నైలాన్ తీగను అంతే లాగినా కొద్దిగానే మారుతుంది. వేలిని తీగ వెంట జార్చి పలికించే జారుతో కొంత సర్దుకోవచ్చు గాని అన్ని రాగాలకూ అది చాలదు.

ఇక మన గాలి. గిటారు చెక్కకు 45 నుంచి 55 శాతం తేమ మంచిదంటారు. కాలువల మధ్య, వరిచేల మధ్య ఉన్న మన ఇళ్లలో వానాకాలమంతా తేమ అంతకు చాలా ఎక్కువగా ఉంటుంది. నీటిని పీల్చిన పైపలక ఉబ్బి, బ్రిడ్జిని పైకి నెట్టి, తీగకూ మెట్టుకూ మధ్య ఎత్తు పెంచుతుంది. అప్పుడు నిన్నటి దాకా సులువుగా పలికిన స్వరం నొక్కడమే కష్టమవుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి చుట్టు లేని సన్నని ఉక్కు తీగలు ముందుగా తుప్పు పడతాయి. నైలాన్ గిటారులో మూడు సన్నతీగలకు ఆ బెడద లేదు. లోహపు చుట్టు ఉన్న మంద్ర తీగలు మాత్రం నల్లబడి మొద్దుబారతాయి. అందువల్ల, దుకాణంలో ఏకచెక్క పలకను ఎంత పొగిడినా, ఏసీ లేని ఇంటికి పొరలు అతికించిన పలకనే నేను సూచిస్తాను. ఏళ్లు గడిచేకొద్దీ ఏకచెక్క నాదం పండుతుందన్నది నిజమే, ఆ నష్టాన్ని నేను తక్కువ చేయను. కాని ఉబ్బి పగిలిన పలక ఏ నాదాన్నీ ఇవ్వదు.

నలభై దాటి, ఇంట్లో తమకోసం వాయించుకునేవారికి పొరల పలకతో ఉన్న నైలాన్ గిటారు మేలు. పదిమందితో పాడే కుర్రవారికి ఉక్కు తీగలే సరైనవి. ఏది కొన్నా పన్నెండో మెట్టు దగ్గర మందపాటి తీగ ఎత్తు కొలిపించండి: నైలాన్‌కు సుమారు 4 మిల్లీమీటర్లు, ఉక్కుకు రెండున్నర. ఆశ్వయుజంలో వానలు తగ్గుతున్నప్పుడు మళ్లీ కొలవండి. ఒక మిల్లీమీటరు పెరిగి ఉంటే గిటారును గోడ మీద నుంచి దించి, సిలికా జెల్ సంచులతో పెట్టెలో ఉంచి, రెండు వారాల తర్వాత మరోసారి చూడండి.