అద్దె కారుకు విడిగా ఎక్సెస్ పాలసీ: ఆరేళ్ల వాడకం తర్వాత

అద్దె కారుకు ఏమైనా అయితే మన జేబులోంచి కట్టాల్సిన మొదటి మొత్తాన్ని ఎక్సెస్ అంటారు, అలా కట్టింది తిరిగిచ్చే బీమాయే ఎక్సెస్ పాలసీ. విదేశాల్లో కారు అద్దెకు తీసుకునేవాళ్లు ఇది లేకుండా బయల్దేరొద్దని, ఇది ఉంటే ఇక ఏ ఖర్చూ తగలదని, ఈ పాలసీ తీసుకున్న కొత్తలో కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పాను. ఆరేళ్లయ్యాక కూడా నా మాట దాదాపు అదే. ఆ ‘దాదాపు’ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

కౌంటర్ దగ్గర గడిచే ఆ పది నిమిషాలు చాలామందికి అనుభవమే. అర్ధరాత్రి విమానం దిగి, పిల్లలు నిద్రకు తూగుతుంటే, అవతలి మనిషి ఒక అంకె మీద గీత గీసి చూపిస్తాడు. బుకింగ్‌లో సీడీడబ్ల్యూ (కారు దెబ్బతింటే ఖర్చంతా మన మీద పడకుండా అద్దెతో పాటు ఇచ్చే రక్షణ) ఉంది కానీ కారుకు ఏమైనా అయితే మొదటి 1,600 యూరోలు మీరే పెట్టుకోవాలి, రోజుకు 22 యూరోలు కడితే ఆ బాధ ఉండదు అంటాడు. పది రోజులకు 220. ఆ ట్రిప్పులో కారు అద్దే 190! నేను విడిగా కొన్న పాలసీ ఏడాదికి యూరోల్లో లెక్కేస్తే 64 దాకా అవుతుంది. కౌంటర్‌లో మూడు రోజులకు కట్టేదాంతో ఏడాది మొత్తం గడిచిపోతుంది. పైగా టైర్లు, రిమ్ములు, అద్దాలు, పైకప్పు, కారు అడుగుభాగం, తాళంచెవి కూడా ఇందులో ఉన్నాయి. మామూలు సీడీడబ్ల్యూ వీటిలో చాలావాటిని పక్కన పెట్టేస్తుంది. తెలియని రోడ్ల మీద మొదట దెబ్బతినేవి మాత్రం అవే.

మొదటి రెండేళ్లు ఒక్క క్లెయిమూ చేయలేదు. ‘వద్దండీ, నాకు పాలసీ ఉంది’ అని చెప్పి తాళం తీసుకుని వచ్చేయడంలో ఉన్న హాయికే ఆ డబ్బు చెల్లిందనిపించేది.

మూడో ఏడు సిసిలీ వెళ్లాం. కతానియా విమానాశ్రయంలో కారు తీసుకుని, నాలుగో రోజు రగూసా చేరాం. పాత ఊళ్లోకి దిగే సందులో రెండు బళ్లు పక్కపక్కన పట్టవు. ఎదురుగా డెలివరీ వ్యాన్ వచ్చింది. దారిద్దామని కుడికి జరిపాను. ఒక ఇంటి రాతి మెట్టు రోడ్డు మీదికి పొడుచుకొచ్చి ఉంది, నాకు కనపడలేదు. బర్రుమని రాపిడి, వెంటనే బుస్సుమని గాలి పోయిన చప్పుడు. దిగి చూస్తే ముందు కుడి టైరు పక్కభాగంలో చిటికెనవేలు దూరేంత కోత. రిమ్ము అంచు జానెడు మేర తెల్లగా చెక్కుకుపోయింది.

డిక్కీ తెరిచి అడుగున పరిచిన మ్యాట్ ఎత్తాను. స్టెప్నీ లేదు. అది ఉండాల్సిన గుంటలో చిన్న కంప్రెసర్, పక్కన జిగురు ద్రవం నింపిన సీసా ఉన్నాయి. మేకు దిగిన పంక్చర్‌కైతే ఆ ద్రవం పనికొస్తుంది, పక్కభాగం కోసుకుపోతే నిలవదు. ఆదివారం మధ్యాహ్నం కావడంతో టైర్ల షాపులన్నీ మూసి ఉన్నాయి. అద్దె సంస్థ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే, రోడ్డు మీద సాయం చేసే ప్యాకేజీ నేను తీసుకోలేదు కాబట్టి టోయింగ్ ఖర్చు నాదేనన్నారు. రెండున్నర గంటల తర్వాత టోయింగ్ బండి వచ్చింది. అంతసేపూ మా ఆవిడ, పిల్లలు గోడ నీడన కూర్చున్నారు. నాకు మాత్రం టెన్షన్ అంతా ఆ 1,600 గురించే.

కారు తిరిగి ఇచ్చిన రోజు కార్డు మీద 720 యూరోలు కొట్టారు. చేతికి ఒక స్లిప్పు ఇచ్చారు. అందులో డ్యామేజ్ అన్న మాట, కింద అంకె, అంతే. పాలసీ వాళ్లకు ఆ స్లిప్పు పనికిరాదు. వాళ్లు అడిగిన జాబితా పెద్దది: అద్దె ఒప్పందం, పికప్‌లో గీతలూ సొట్టలూ గుర్తుపెట్టిన కారు బొమ్మ కాగితం, తిరిగి ఇచ్చినప్పటి కాగితం, దేనికెంతో విడివిడిగా రాసిన ఇన్వాయిస్, కార్డు స్టేట్‌మెంట్, లైసెన్స్ కాపీ. ఇన్వాయిస్ ఒక్కటే రాలేదు. ఐదు మెయిళ్లు పెట్టాను. 26 రోజులకు పంపారు. నాలుగో మెయిల్ దగ్గర విసుగొచ్చి వదిలేద్దామనుకున్నాను కూడా.

వదలకపోవడమే మంచిదైంది. ఇన్వాయిస్‌లో లెక్క ఇలా ఉంది: ముందు కుడి రిమ్ము 180, టైరు 130, టోయింగ్ 170, ఫైలు నడిపినందుకు రుసుము 60, వీటితో పాటు వెనక కుడి రిమ్ముకు ఇంకో 180. వెనక చక్రానికి ఆ రోజు ఏమీ తగల్లేదు. పికప్‌లో నేను తీసిన ఒకటిన్నర నిమిషం వీడియో వెతికి చూశాను. వెనక రిమ్ము మీద పాత గీత స్పష్టంగా కనిపిస్తోంది. వాళ్ల బొమ్మ కాగితంలో మాత్రం దాని గుర్తు లేదు. వీడియో పంపితే వారంలో 180 వెనక్కి ఇచ్చారు. పాలసీ వాళ్లు ఇన్వాయిస్ కోసం అంతగా పట్టుబట్టకపోతే నేను ఆ స్లిప్పును నమ్మి ఊరుకునేవాణ్ని. క్లెయిమ్ కాగితాల కోసం తిట్టుకున్న నేనే ఆ కాగితాల వల్ల బాగుపడ్డాను. మిగిలిన దాంట్లో పాలసీ 480 ఇచ్చింది, కాగితాలన్నీ అందాక 19 రోజులకు. ఆ 60 యూరోల రుసుము నా పాలసీ కిందికి రాదు, కార్డు వేసిన విదేశీ లావాదేవీ చార్జీ కూడా రాదు.

ఇంతవరకూ నాకు సంతోషమే. నేను మొదట్లో ఎవరికీ చెప్పని సంగతి హోల్డ్. విడి పాలసీ ఉన్నా అద్దె సంస్థకు దానితో సంబంధం లేదు. ఎక్సెస్ మొత్తాన్ని వాళ్లు కార్డు మీద బ్లాక్ చేస్తారు, అదే హోల్డ్. కౌంటర్ ప్యాకేజీ కొని ఉంటే 300 బ్లాక్ చేసేవాళ్లు, వద్దన్నందుకు 1,600 చేశారు. పైగా 720 కొట్టగానే ఆ 1,600 విడుదల కాలేదు, ఇంకో తొమ్మిది రోజులు అలాగే ఉంది. అంటే కార్డు లిమిట్‌లో 2,320 యూరోలు ఒకేసారి కదలకుండా పోయాయి. రోమ్‌లో హోటల్ రిసెప్షన్ దగ్గర మెషీన్ కార్డును రెండుసార్లు తిరస్కరించింది. వెనక జనం నిలబడి ఉన్నారు, పిల్లాడు గది తాళం అడుగుతున్నాడు. అప్పటి నుంచి నా పేరు మీదే రెండు క్రెడిట్ కార్డులు పట్టుకెళ్తున్నాను, ఒకటి కారుకే. కారు ఎవరి పేరు మీద తీసుకుంటే కార్డు కూడా వాళ్లదే కావాలంటారు. డెబిట్ కార్డు మీద చాలా కౌంటర్లు హోల్డ్‌కు ఒప్పుకోవు.

తప్పనిసరి చార్జీలన్నీ మొదట చూపే ధరలోనే కలిపేలా, బీమా వివరాలు స్పష్టంగా చెప్పేలా ఐదు పెద్ద అద్దె సంస్థలు పద్ధతులు మార్చుకున్నాయని 2017 జనవరిలో యూరోపియన్ కమిషన్ ప్రకటించింది. ఈమధ్య బుకింగ్ పేజీలోనే ఎక్సెస్ ఎంతో కనిపిస్తోంది, అది నిజంగా మేలు. హోల్డ్ ఎంతో మాత్రం నేను ఇప్పటికీ షరతుల్లోకి వెళ్లి వెతుక్కుంటున్నాను. అన్నట్టు, కార్డు మెషీన్ ‘మీ దేశం డబ్బులో కట్టాలా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కండి. మొదటిది నొక్కితే మారకం రేటు వాళ్లు చెప్పినదే అవుతుంది.

ఇది ఉంటే ఇక ఏ ఖర్చూ తగలదని అప్పట్లో అన్నానే, అది కూడా ఎక్కువ చేసి చెప్పడమే. జరిమానాలు ఏ పాలసీ కిందికీ రావు. ఫ్లోరెన్స్‌లో హోటల్ వెతుక్కుంటూ జెడ్‌టీఎల్ (బళ్ల రాకపోకల మీద ఆంక్షలున్న ప్రాంతం) బోర్డు దాటాను. ఆ ప్రాంతంలోకి అనుమతి లేని బండి వస్తే కెమెరా ఫొటో తీసేస్తుంది. మొదట నా వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు అద్దె సంస్థ కార్డు మీద రుసుము కొట్టింది, అసలు జరిమానా కాగితం ఏడు నెలల తర్వాత ఇంటికొచ్చింది. విదేశీయులకు నోటీసు పంపడానికి ఇటలీ చట్టంలో 360 రోజుల గడువుంది, కాబట్టి ట్రిప్పు ముగిసిందని లెక్క ముగిసిందనుకోలేం.

ఐస్‌లాండ్‌కు వెళ్లినప్పుడు మాత్రం కౌంటర్ ప్యాకేజీ కొన్నాను. అక్కడ గాలికి ఇసుక, బూడిద లేచి పెయింటు మొత్తం గీరేస్తుందని దానికంటూ వేరే రక్షణ అమ్ముతారు. నా పాలసీలో దాని ఊసే లేదు. అమెరికాలోనూ జాగ్రత్త పడాలి. అక్కడ మూల ధరలో చాలాసార్లు సీడీడబ్ల్యూనే ఉండదు. అది లేకపోతే ఎక్సెస్ పాలసీ చేసేదేమీ లేదు, కారు మొత్తం ఖరీదు నెత్తిన పడొచ్చు.

మేం ఏడాదికి రెండు మూడు ట్రిప్పులు, అన్నీ కలిపి ఇరవై రోజుల పైనే కారు తీసుకుంటాం. ఆ లెక్కకు ఇది మాకు బాగా కలిసొచ్చింది. నా పాలసీలో ఒక్కో అద్దె 31 రోజులు దాటకూడదు, ఒప్పందంలో పేరున్న డ్రైవర్లకే వర్తిస్తుంది, ఏ దేశంలో నివాసం ఉంటున్నామన్న షరతూ ఉంది. కార్డు లిమిట్ తక్కువున్నవాళ్లకు, ఏడెనిమిది వందల యూరోలు నెలన్నర రెండు నెలలు బయట ఉంటే ఇబ్బందయ్యేవాళ్లకు, మూడు రోజుల కోసం ఒక్కసారి వెళ్లేవాళ్లకు కౌంటర్ ప్యాకేజీయే నయం అనిపిస్తుంది. మాది వచ్చే నెల రెన్యూవల్, కడుతున్నాను. ఈసారి ఫైలు రుసుము కూడా తిరిగిచ్చే పాలసీ దొరుకుతుందేమోనని చూస్తున్నాను.