ఆరేళ్లుగా పెరట్లో కంపోస్టు డ్రమ్ములు: వాసన పోయింది, కొబ్బరి మట్టలే మిగిలాయి

మాది హైదరాబాద్ శివార్లలో 200 గజాల ఇల్లు. వెనక ఒక మామిడి, ఒక కొబ్బరి, గోడ పక్కన కరివేపాకు. 2019లో పాత సామాన్ల కొట్లో రెండు నీలం డ్రమ్ములు (200 లీటర్లవి) కొని, అడుగు కోయించి, చుట్టూ బెజ్జాలు పెట్టించి పెరటి మట్టి మీద నిలబెట్టాను. ఒకటి నిండేసరికి రెండోది తయారు, అదీ లెక్క. ఇప్పటికీ అవే డ్రమ్ములు. ఒకదాని మూత ఎండకి పగిలింది, అంతే.

మొదటి ఆర్నెల్లు మాత్రం చుక్కలు కనిపించాయి. కూరగాయ తొక్కలు, మిగిలిన అన్నం, పప్పు అన్నీ అలాగే వేసేవాణ్ణి. వానాకాలం వచ్చేసరికి అడుగు నుంచి నల్లటి నీళ్లు కారడం మొదలైంది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి "బాబూ, మీ పెరట్లో ఎలుక గానీ చచ్చిందేమో చూడు" అన్నారు. మూత తీస్తే బూడిద రంగు పురుగులు బిలబిలమంటూ! మా ఆవిడ ఆ రోజు నుంచీ ఇటువైపు రాలేదు. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పురుగులని, కుట్టవని, చెత్తని వేగంగా తినేస్తాయని తర్వాత తెలిసింది, కానీ అప్పటి టెన్షన్ అప్పటిదే. తడి ఎక్కువై గాలి ఆడకపోతే చెత్త ఎరువవదు, కుళ్లుతుంది. దానికి మందు ఎండుటాకులు, బకెట్ తడి చెత్తకి రెండు బకెట్ల ఆకులు. నవ్వొచ్చేదేంటంటే అదే నెలల్లో నేను మామిడాకులు ఊడ్చి బస్తాల్లో కుక్కి గేటు ముందు పెడుతున్నాను, చెత్త ఆటో అబ్బాయేమో "ఇది మా బండిలో ఎక్కదు సార్" అని వదిలేసి పోతున్నాడు.

అతని మీద కోపంతోనే రూల్స్ వెతికాను. అప్పట్లో అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో తోట చెత్త సంగతి విడిగా రాసి ఉండేది: మన ఆవరణలోనే వేరుగా ఉంచుకోవాలి, మున్సిపాలిటీ చెప్పిన పద్ధతిలో వదిలించుకోవాలి. వీధిలో గానీ, కాలవలో గానీ పారేయకూడదు, తగలబెట్టకూడదు. అంటే ఆటో అబ్బాయి తప్పేం లేదు. మరి ఆ పద్ధతేంటో కనుక్కుందామని ఆఫీసుకెళ్తే ఒకాయన ట్రాక్టర్ వస్తుంది డబ్బు కట్టమన్నాడు, వారం తర్వాత ఇంకొకాయన అర్జీ పెట్టమన్నాడు, తీరా ట్రాక్టర్ వచ్చింది నెల దాటాక. కంపోస్టు చేసుకోవడానికి మాత్రం నన్నెవరూ పర్మిషన్ అడగలేదు.

ఇప్పుడు శివరాత్రి దాటి ఆకు రాలే రోజుల్లో నేనే వీధి చివర కానుగ చెట్ల కింద బస్తా పట్టుకుని తిరుగుతాను. అంతకుముందు అక్కడ పొద్దున్నే కుప్ప వేసి అంటించేవారు. ఐదారు బస్తాలు దాచుకుంటే వానాకాలం గట్టెక్కుతుంది, అప్పుడు ఎండుటాకు దొరకదు మరి.

ఎండాకాలం రెండు నెలలకే ఎరువు వస్తుంది, వానల్లో నాలుగు పడుతుంది. జల్లెడ పడితే మామిడి టెంకలు, గుడ్డు పెంకులు పైన మిగులుతాయి, వాటిని మళ్లీ డ్రమ్ములో వేసేస్తాను. పుల్ల మజ్జిగ చల్లితే త్వరగా అవుతుందంటారు, నాకు పెద్ద తేడా కనిపించలేదు. కోడి ఎముకలు మాత్రం వద్దు. ఒక్కసారి వేసినందుకు పందికొక్కు కింద నుంచి తవ్వేసింది, తర్వాత డ్రమ్ము కింద ఇనుప జాలీ వేయాల్సి వచ్చింది. ఎవరైనా కొత్తగా పెడుతుంటే ఆ జాలీ మొదటి రోజే వేసుకోండి.

కొబ్బరి మట్టలకి మాత్రం ఈ డ్రమ్ము పనికిరాదు. ఈనెలు చీపురుకి పోతాయి, మొదలు భాగం ఏళ్లు గడిచినా కరగదు. ప్రస్తుతం వెనక గోడకి పదకొండు మట్టలు ఆనించి ఉన్నాయి. ట్రాక్టర్‌కి చెప్పి మూడు వారాలైంది.