డాబా మీద తెల్ల పూత: ఏళ్ల తరబడి వాడాక

కాకినాడలో మాది తొంభైల్లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. డాబా కారుతుంటే 2018 వేసవిలో శ్లాబు మీద యాక్రిలిక్ వాటర్‌ప్రూఫ్ పూత వేయించాం. రోలరుతో పూస్తే రబ్బరు పొరలా సాగే తెల్ల రంగు పూత అది. కంపెనీ పేరు చెప్పను, ఈ రకం పూతలన్నిటి గుణమూ ఇంచుమించు ఒకటే. తేల్చి చెప్పాలంటే, వాన నీరు జారిపోయే చోట ఇది బంగారం, నీరు నిలిచే చోట దండగ.

అసలు పరీక్ష ఎక్కువ కాలం ఆగలేదు. ఆ ఏడాది డిసెంబరు 17న పెథాయ్ తుపాను మా జిల్లాలోనే తీరం దాటింది. అంతకుముందు ఓ మోస్తరు జల్లుకే బకెట్టు పెట్టుకునే పడకగదిలో ఆ తుపానుకు చుక్క పడలేదు.

అయితే ఆ ఘనతలో డబ్బాలోని సరుకుకు సగమే ఇస్తాను. మిగతా సగం మేస్త్రీది. నాచును ఇనప బ్రష్షుతో గీకించి కడిగించాడు. సన్నని పగుళ్లను కాస్త వెడల్పు చేసి, పాలిమరు కలిపిన సిమెంటుతో పూడ్చాడు. పిట్టగోడ, శ్లాబు కలిసే మూలను అలాగే వదిలేయకుండా సిమెంటుతో గుండ్రంగా తిప్పి, దాని మీద ఫైబరు వల పరిచి పూత వేశాడు. చాలా ఇళ్లలో కారేది ఈ మూలల నుంచే. పగటి ఎండకు శ్లాబు వ్యాకోచించి రాత్రికి కుంచించుకుంటుంది, గోడ మాత్రం దానితో సమానంగా కదలదు. అందుకే ఆ అతుకు దగ్గర పగులు పుడుతుంది.

పూతకు ముందు అతను చేసిన చిన్న పరీక్ష నాకు భలే నచ్చింది. మూరెడు పాలిథిన్ ముక్కను శ్లాబు మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి వెళ్లిపోయాడు. మర్నాడు తీస్తే దాని అడుగున చెమట పట్టినట్టు నీటి బిందువులు. "శ్లాబు ఇంకా ఆరలేదండీ, ఇప్పుడు పూస్తే ఉబ్బుతుంది" అని పని ఆపేశాడు. కూలీల రోజు పోతుందని తొందరపడే మేస్త్రీలే ఎక్కువ, ఇలాంటివాడు దొరకడం అదృష్టం.

ఇక లోపాలు. ట్యాంకు దిమ్మె పక్కన శ్లాబు పళ్లెంలా కొద్దిగా లోతుగా ఉంది. మిగతా డాబా అంతటా తూము వైపు వాటం ఉంది, అక్కడ లేదు. కనీసం పది అడుగులకు అంగుళానికి పైగా వాలు ఉంటే తప్ప నీరు కదలదు. మొదటి రెండు వానాకాలాలు ఏమీ తెలియలేదు. తర్వాత ఆ చోట పూత మెత్తబడి, రూపాయి బిళ్లంత బుడగలు లేచాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల చెమ్మ, కింద కాంక్రీటు మీద తెల్లటి ఉప్పు పొడి. పదేళ్ల హామీ పత్రం తీసి చూస్తే, నిలిచిన నీటి వల్ల కలిగే నష్టానికి హామీ వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది! ఇంటికి కీడు చేసేదే నిలిచిన నీరు అయినప్పుడు, దాన్ని మినహాయించిన హామీ ఎవరికి కావాలి?

వేసవిలో పై గదుల వేడి తగ్గిన మాట నిజం. తెల్ల పూత ఎండను తిప్పికొడుతుంది. కానీ దుమ్ము, నాచు పట్టి నల్లబడితే ఆ మేలు కరిగిపోతుంది కాబట్టి ఏటా ఎండలు ముదరకముందే కడగాలి. వడియాలు పెట్టుకోవడానికి ఇబ్బంది లేదు. ఇనప మంచం కాళ్లు ఈడిస్తే మాత్రం చిరుగుతుంది. తడిస్తే జారుతుంది, పెద్దవాళ్లు జాగ్రత్త.

దుకాణంవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. చెమ్మలన్నీ ఒకటి కావు. కింది అంతస్తులో గోడల అడుగున మోకాలెత్తు వరకూ ఉప్పు పూసి రంగు రాలుతుంటే, అదే డబ్బా గోడ లోపలివైపూ పూయమన్నారు. అక్కడి నీరు పైనుంచి దిగేది కాదు. నేలలోంచి ఇటుకల సన్నని రంధ్రాల గుండా ఎగబాకేది. లోపలివైపు మూసేస్తే అది ఇంకాస్త పైకెక్కి పూత దాటిన చోట తేలుతుంది. పక్కింటి హాల్లో అదే జరిగింది. మేము బయట గోడకు ఆనుకుని ఉన్న పూలమడి మట్టి తీయించి, వాన నీరు గోడకు దూరంగా పారేట్టు గచ్చు చేయించాం. పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది.

సీలింగులో పెచ్చులు ఊడి చువ్వలు కనబడుతున్నవాళ్లు పైన పూత పూసి ఊరుకోకూడదు. మా సముద్రపు గాలిలోని ఉప్పు చువ్వలకు గట్టి శత్రువు. తుప్పు పట్టిన ఇనుము రెట్టింపుకు మించి చోటు ఆక్రమించి కాంక్రీటును కిందికి నెడుతుంది. గుల్లబారిన పెచ్చంతా కొట్టించి, చువ్వల తుప్పు గీకించి మరమ్మతు చేయించాకే పైపని. మా తాతగారి మిద్దెకు ఈ బెడద లేదు. కరక్కాయ, బెల్లం నీళ్లతో దంచిన సున్నపు గచ్చు, కింద టేకు దూలాలు. అంత ఓపికగా దంచేవాళ్లు ఇప్పుడెక్కడ?

2025 అక్టోబరులో మొంథా తుపానుకు కూడా పడకగది పొడిగానే ఉంది. ట్యాంకు కిందున్న స్టోరు గదిలో మాత్రం మరక కనబడింది. వచ్చే వేసవిలో ముందు అక్కడ వాటం దిద్దించి, చుట్టూ గట్టు కట్టించి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూసి, శ్లాబు బాగా ఆరాక మళ్లీ ఈ పూతే వేయిస్తాను.