జుట్టు రాలుతోందా, పలచబడుతోందా? నూనె, బయోటిన్, మినాక్సిడిల్, పీఆర్పీ, ట్రాన్స్‌ప్లాంట్‌లలో ఏది మేలు?

మూడేళ్ల కిందట మా ఇంట్లో ఇద్దరికి ఒకేసారి జుట్టు దిగులు పట్టుకుంది. నాకూ, మా తమ్ముడికీ. నాది చూసి ఇల్లంతా కంగారుపడింది. తల దువ్వితే దువ్వెన నిండా వెంట్రుకలే. తలస్నానం చేస్తే బాత్రూమ్ జాలీ మీద ఉండ కట్టేవి. తమ్ముడికి దువ్వెనలో పెద్దగా వచ్చేవి కావు. నుదురు రెండు పక్కలా కాస్త వెనక్కి జరిగింది, ట్యూబ్‌లైటు కింద కూర్చుంటే నడినెత్తిన చర్మం కనిపించేది, అంతే. "హెల్మెట్ వల్లే అక్కా" అనేవాడు. మేమూ అదే నమ్మాం.

నాకు ఒక క్లినిక్‌లో పీఆర్పీ (మన రక్తంలోని ప్లేట్‌లెట్లనే తలలోకి ఎక్కించే చికిత్స) ప్యాకేజీకి ఇంట్లోవాళ్లు డబ్బు కట్టారు. తమ్ముడికి అమ్మ మందారాకు, కరివేపాకు, మెంతులు వేసి నూనె కాచి ఇచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. సరిగ్గా తారుమారు చేశాం. నాది దానంతట అదే ఆగే రకం. వాడిది మందు పడితే తప్ప ఆగని రకం. అందుకే ఏది మేలని ఎవరైనా అడిగితే, ముందు మీది రాలడమా, పలచబడటమా తేల్చుకోండి అంటాను.

రాలడం వేరు, పలచబడటం వేరు

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది, తర్వాత దాదాపు మూడు నెలలు పెరగకుండా ఆగి, ఊడిపోతుంది. ఆ కుదుట్లోంచే కొత్తది వస్తుంది. కాబట్టి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు పోవడం మామూలే. గట్టి జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఉన్నట్టుండి తిండి తగ్గించేయడం లాంటిది జరిగితే, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒకేసారి ఆగిపోతాయి. రెండు మూడు నెలల తర్వాత అవన్నీ కలిసి రాలతాయి. అప్పటికి జ్వరం సంగతి మనకు గుర్తు కూడా ఉండదు.

నాకు టైఫాయిడ్ తర్వాత రెండోసారి ఇలాగే రాలినప్పుడు, ఈసారి చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా తల చూడకముందే "మూడు నెలల కిందట ఏం జరిగిందమ్మా?" అని అడిగారు. తర్వాత యాభై అరవై వెంట్రుకల పాయను వేళ్ల మధ్య పట్టుకుని కుదురు నుంచి చివరిదాకా మెల్లగా లాగారు. ఎనిమిదో తొమ్మిదో చేతిలోకి వచ్చాయి. ఒక్కో దాని మొదట్లో గుండుసూది తలంత తెల్లటి బుడిపె ఉంది. "ఇది కుదురు నుంచి వచ్చింది. బుడిపె లేకపోతే మధ్యలో తెగినట్టు" అన్నారు. ఈ తేడా ఇంట్లోనే చూసుకోవచ్చు. బోరు నీళ్ల వల్ల జుట్టంతా పోయిందనేవాళ్లలో చాలామందికి రాలే ముక్కలకు ఆ బుడిపె ఉండదు. ఉప్పు నీళ్లకు వెంట్రుక గరుకెక్కి తెగుతుంది, కుదురు మాత్రం భద్రంగానే ఉంటుంది.

తమ్ముడిది వేరే కథ. టెస్టోస్టెరాన్ కుదుళ్ల దగ్గరే డీహెచ్‌టీ అనే హార్మోన్‌గా మారుతుంది. వంశంలో ఆ గుణం ఉన్నవాళ్లకు నుదురు, నడినెత్తి కుదుళ్లు దానికి కుంచించుకుపోతాయి. ప్రతిసారీ వచ్చే వెంట్రుక ముందుదానికన్నా సన్నగా, పొట్టిగా వస్తుంది. డాక్టరమ్మ చిన్న కెమెరా వాడి తల మీద పెట్టి తెరమీద చూపించారు. తాళ్లలాంటి వెంట్రుకల పక్కనే నూలుపోగుల్లాంటివి. ఇన్నాళ్లూ ఆ నూలుపోగుల్ని మేం చూడనే లేదు. మేనమామ పోలిక అంటారు కానీ, ఈ గుణం తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది. ఆడవాళ్లలో నుదురు జరగదు, పాపిట వెడల్పవుతుంది.

ఇంకో రకం పేనుకొరుకుడు. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోతుంది. పేను కొరకడం వల్ల కాదు, మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల. దీనికి గురివింద గింజ అరగదీసి రాయడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ గింజలో అబ్రిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంటుంది. గీరిన చర్మం మీద రాయడం, పిల్లలున్న ఇంట్లో ఆ ముద్ద పెట్టుకోవడం రెండూ ప్రమాదమే. డాక్టర్లు ఊడిన చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు, చాలామందికి తిరిగి వస్తుంది.

నూనె, బయోటిన్

కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది. తడిసినప్పుడు, దువ్వినప్పుడు తెగడం తగ్గిస్తుంది. తెగే జుట్టుకు నూనె నిజంగానే మేలు, ఈ మాటలో నాకు సందేహం లేదు. కానీ కుదురు కుంచించుకుపోతుంటే ఆపే శక్తి దానికి లేదు. తమ్ముడు రెండేళ్లు నూనె రాసుకున్నాడు. ఆ రెండేళ్లలో సన్నబడిన కుదుళ్లలో కొన్ని ఇక పూర్తిగా మూసుకుపోయాయి. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నదీ ఇలాంటిదే. తిరుపతిలో గుండు చేయించుకున్నాక వచ్చేది మొద్దు కొన ఉన్న వెంట్రుక, అందుకే చేతికి గట్టిగా తగులుతుంది. కుదుళ్ల సంఖ్య పెరగదు.

బయోటిన్ అనే విటమిన్ మాత్రలంటే నాకు కోపం. బయోటిన్ లోపం మామూలుగా తినేవాళ్లలో చాలా అరుదు. లోపం లేనివాళ్లకు దానివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదులో వేసుకుంటే రక్తపరీక్షలు తప్పుగా వస్తాయి. థైరాయిడ్ ఫలితాలు అటూ ఇటూ అవుతాయి, గుండెపోటును పట్టుకునే ట్రోపోనిన్ పరీక్షలో విలువ తక్కువగా చూపించవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే ఈ హెచ్చరిక చేసింది. జుట్టు రాలుతోందని థైరాయిడ్ పరీక్షకు వెళ్తూ, ముందురోజు దాకా బయోటిన్ మింగేవాళ్లు ఎంతమందో! పరీక్షకు ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. కొన్ని పోషకాలు మితిమీరినా జుట్టు ఊడుతుంది, సెలీనియం, విటమిన్ ఎ అలాంటివే. 2025 మొదట్లో మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లా షేగావ్ ప్రాంతంలోని పల్లెల్లో జనానికి రోజుల్లోనే జుట్టు ఊడిపోయినప్పుడు, డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ అక్కడివాళ్లు తిన్న రేషన్ గోధుమల్లో సెలీనియం చాలా ఎక్కువగా ఉందని చెప్పారు.

నిజంగా చూసుకోవాల్సింది ఐరన్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, అడుగంటి ఉండొచ్చు. నాకు తేలింది అదే. రెండోసారి నేను వాడింది ఐరన్ మాత్రలు మాత్రమే. అయిదారు నెలల్లో రాలడం ఆగింది. మొదటిసారి పీఆర్పీతో ఆగడానికీ అంతే కాలం పట్టింది!

మినాక్సిడిల్, ఫినాస్టరైడ్

పలచబడటానికి మాత్రం నా ఓటు వీటికే. మినాక్సిడిల్ మొదట బీపీ మాత్ర. 1979లో అమెరికాలో అనుమతి వచ్చింది. వేసుకున్నవాళ్లకు ఒంటి మీదా ముఖం మీదా వెంట్రుకలు రావడం చూసి తలకు రాసే మందుగా మార్చారు. అది 1988లో వచ్చింది. వెంట్రుక పెరిగే దశను ఇది పొడిగిస్తుంది. మొదటి నెల రెండు నెలల్లో కొందరికి ఇంకా ఎక్కువ రాలుతుంది. పాతవి తొందరగా ఊడి కొత్తవాటికి దారి ఇవ్వడం అది. తమ్ముడు మూడో వారం ఫోన్ చేసి "అక్కా, ఇది ఉన్నవి కూడా పీకేస్తోంది" అన్నాడు. చాలామంది సరిగ్గా అక్కడే ఆపేస్తారు. నాలుగు నుంచి ఆరు నెలలు ఆగితేనే తెలుస్తుంది. ఆపేస్తే వచ్చినవి కొన్ని నెలల్లో పోతాయి కాబట్టి, ఇది ఏళ్ల తరబడి పని. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, ఈ మందు దానికి విషం.

ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర మగవాళ్లకు. 1997లో జుట్టుకు అనుమతి వచ్చింది. డీహెచ్‌టీని తగ్గిస్తుంది కాబట్టి మూలం మీదే పనిచేస్తుంది, పలచబడటం ఆపడంలో బాగా ఉపయోగపడుతుంది. కొద్దిమందిలో లైంగిక వాంఛ తగ్గడం, డిప్రెషన్ లాంటివి వస్తాయి, మందు మానాక కూడా పోలేదని చెప్పినవాళ్లున్నారు. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ పరీక్షలో విలువ సగానికి పడిపోతుంది. గర్భిణి ఉన్న ఇంట్లో విరిగిన మాత్ర ఆమె ముట్టుకోకూడదు. ఇవన్నీ కూర్చుని మాట్లాడే డాక్టరు దగ్గరే ఈ మందు మొదలుపెట్టాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

పీఆర్పీ, ట్రాన్స్‌ప్లాంట్

పీఆర్పీలో మన రక్తమే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని తలలోకి సూదులతో ఎక్కిస్తారు. వంశపారంపర్యంగా పలచబడేవాళ్లలో కొందరికి మేలు కనిపించింది. కానీ ఎంత రక్తం, ఎంత చిక్కదనం, ఎన్ని సిట్టింగులన్నది ఒక్కో చోట ఒక్కో తీరు. మందులకు తోడుగా అయితే సరే, మందులకు బదులు మాత్రం వద్దు. జ్వరం తర్వాత రాలే జుట్టుకు అసలే అక్కర్లేదు. నాకు ప్యాకేజీ అమ్మినచోట నా తలను రెండు నిమిషాలు చూశారు. జ్వరం గురించి ఎవరూ అడగలేదు.

ట్రాన్స్‌ప్లాంట్ అంటే తల వెనక భాగంలో డీహెచ్‌టీకి లొంగని కుదుళ్లను తీసి ముందు నాటడం. కొత్త జుట్టు సృష్టించడం కాదు, ఉన్నదాన్నే సర్దడం. నాటిన వెంట్రుకలు కొన్ని వారాల్లో రాలి, మూడు నాలుగు నెలల తర్వాత మొలుస్తాయి. పూర్తిగా కనిపించడానికి ఏడాది. చుట్టూ ఉన్న పాత జుట్టు మాత్రం పలచబడుతూనే ఉంటుంది, అందుకే మందు మానడం కుదరదు. ఇరవై రెండేళ్లకే చేయించుకుంటే ముప్పై అయిదొచ్చేసరికి ముందు ఓ గీత, వెనక ఖాళీ మిగలొచ్చు. చేసేది ఎవరో అడగండి. వర్క్‌షాపులో, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నది చాలదని, శస్త్రచికిత్సలో శిక్షణ ఉన్న చర్మవైద్యులు, ప్లాస్టిక్ సర్జన్లే చేయాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది.

జ్వరం తర్వాతో కాన్పు తర్వాతో రాలుతుంటే ఆరు నెలలు ఓపిక పట్టి, ఫెరిటిన్, థైరాయిడ్ చూపించుకోండి. మంట, పొలుసులు, చీము, లేదా రంధ్రాలే కనిపించనంత నున్నటి మచ్చ ఉంటే ఓపిక పట్టకండి. మచ్చ కట్టిన చోట కుదురు చచ్చిపోతుంది, మళ్లీ రాదు. పిల్లల తలలో పొలుసులతో ఊడితే తామర కావచ్చు, దానికి కడుపులోకి మందు కావాలి.

తమ్ముడు మందు మొదలుపెట్టి ఇప్పుడు తొమ్మిదో నెల. నెలకోసారి అదే ట్యూబ్‌లైటు కింద, అదే స్టూలు మీద కూర్చుంటాడు, నేను పైనుంచి ఫోటో తీస్తాను. నడినెత్తి నిండింది. నుదురు పక్కలు నిండలేదు, ఇంకా వెనక్కి మాత్రం జరగలేదు. అమ్మ ఆదివారం నూనె పెట్టడం మానలేదు, వాడూ కాదనడు. సాయంత్రం తలస్నానం చేసి, ఆరాక, రాత్రికి మందు రాసుకుని పడుకుంటాడు.