ఆటమ్ స్టేకింగ్, నాలుగేళ్ల తర్వాత: వడ్డీ సరే, ఆ 21 రోజుల సంగతేంటి

2021 మార్చిలో మొదలుపెట్టా. కాస్మోస్ హబ్ అనే బ్లాక్‌చెయిన్ క్రిప్టో కాయిన్ ఆటమ్‌ని ఎక్స్ఛేంజ్‌లో కొని, కెప్లర్ అనే వాలెట్‌లో వేసుకుని, అక్కడినుంచి స్టేక్ చేయడం, అంటే రివార్డు కోసం నెట్‌వర్క్‌లో కట్టేసి ఉంచడం. దీన్ని ఇంకొకరి ద్వారా చేస్తే డెలిగేషన్ అంటారు. ఆఫీసులో అందరూ కొనుడు అమ్ముడు గోలలో ఉండేవాళ్లు, నాకేమో రోజూ చార్టులు చూసే ఓపిక లేదు, ఊరికే పడుండే కాయిన్ల మీద ఏడాదికి ఎంతో కొంత వస్తుందంటే దిగాను. మొదటి నెలలో రాసే రివ్యూల్లో అంతా బాగానే ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లు ఆగి రాస్తున్నా.

డెలిగేషన్ అంటే ఏంట్రా అని మా బాబాయ్ అడిగితే కౌలు లాంటిది అని చెప్పా. పట్టా మన పేరు మీదే ఉంటుంది, దున్నేది ఇంకొకళ్లు. ఇక్కడ దున్నేవాడు వాలిడేటర్, 24 గంటలూ సర్వర్ నడుపుతూ బ్లాకుల మీద, అంటే లావాదేవీల కట్టల మీద, సంతకాలు పెడుతుంటాడు, వచ్చినదాంట్లో తన కమీషన్ పట్టుకుని మిగతాది మనకిస్తాడు. మన కాయిన్లు వాడు అమ్ముకోలేడు, ఎవరికీ పంపలేడు, వాడికి దక్కేది వాటి తూకం ఒక్కటే. ఆ తూకం, అంటే వెనక ఎంత స్టేక్ ఉందనేది, ఎక్కువున్నవాళ్లే సంతకాలు పెట్టే యాక్టివ్ సెట్‌లో ఉంటారు, 2019లో హబ్ మొదలైనప్పుడు 100 మంది, తర్వాత పెంచుకుంటూ 180 దాకా వెళ్లింది. మరి వాడు తప్పు చేస్తే అన్నాడు బాబాయ్. నా కాయిన్లూ కోస్తారు అన్నా. "ఇదేం కౌలురా, వాడి తప్పుకి నా ఎకరంలో సెంట్లు కోస్తారా?"

కోస్తారు మరి. ఒకే ఎత్తులో, అంటే వరసలో ఒకే నంబరు దగ్గర, రెండు వేరే బ్లాకుల మీద సంతకం పెడితే 5 శాతం పోతుంది, ఆ వాలిడేటర్ ఇక మళ్లీ లేవడు. సర్వర్ పడిపోయి 10,000 బ్లాకుల్లో 95 శాతం మిస్సయితే 0.01 శాతం కోసి జైల్లో వేస్తారు, అంటే యాక్టివ్ సెట్ నుంచి పక్కన పెడతారు. నాకు రెండోది జరిగింది. 300 ఆటమ్‌కి కోత 0.03, టీ ఖర్చు కూడా కాదు. అసలు దెబ్బ ఏంటంటే జైల్లో ఉన్నన్నాళ్లు రివార్డులు రావు, 10 నిమిషాల తర్వాత వాడే వచ్చి అన్‌జైల్ చేసుకోవచ్చు కానీ మనవాడు రాలేదు, నేను వాలెట్ తెరిచి చూసేసరికి మూడు వారాలు అయిపోయింది.

వాడికంటే ముందు ఒకడున్నాడు, జీరో కమీషన్ అని చూసి ఎగేసుకుని వెళ్లిన నా మొదటి వాలిడేటర్. కొన్ని నెలల తర్వాత చూస్తే 20 శాతం. మోసం అనలేను, ఎందుకంటే గరిష్ఠంగా ఎంతవరకు పెంచొచ్చు, రోజుకి ఎంత పెంచొచ్చు అనేవి వాలిడేటర్ మొదలెట్టినప్పుడే రాసి ఉంటాయి, తర్వాత మార్చలేరు, నేనే చూడలేదు. ఇప్పుడు ముందు చూసేది ఆ గరిష్ఠమే. హబ్‌లో ఇప్పుడు కనీస కమీషన్ 5 శాతం అని పెట్టారు, మంచి పనే, ఉచితంగా సర్వర్ నడిపేవాడు ఎన్నాళ్లు నడుపుతాడు చెప్పండి.

ఇంకో తెలివితక్కువ పని, మొదటిరోజే కాయిన్లన్నీ స్టేక్ చేసేయడం. రివార్డులు కళ్లముందు కనిపిస్తున్నాయి, క్లెయిమ్ నొక్కితే గ్యాస్ ఫీజుకి (లావాదేవీకి కట్టే చిన్న రుసుముకి) బ్యాలెన్స్ లేదు అంటుంది. మళ్లీ ఎక్స్ఛేంజ్‌కి వెళ్లి కొంచెం కొనుక్కుని పంపించుకోవాల్సొచ్చింది. ఒక ఆటమ్ అన్నా బయట ఉంచుకోండి.

ఒక వాలిడేటర్ నుంచి ఇంకొకరికి రీడెలిగేట్ చేస్తే వెయిటింగ్ లేకుండా అప్పటికప్పుడే మారిపోతుంది, కానీ అలా మార్చిన కాయిన్లని అక్కడినుంచి ఇంకోచోటికి మార్చాలంటే 21 రోజులు ఆగాలి. కంగారులో దొరికినవాడికి ఇచ్చేస్తే ఇరుక్కుంటాం.

ఇక అన్‌బాండింగ్, అంటే స్టేక్ చేసిన కాయిన్లని వెనక్కి తీసుకోవడం. దీని గురించి చదివా, తెలుసు కూడా, కానీ తెలియడం వేరు అనుభవించడం వేరు. 2022 మేలో లూనా అనే ఇంకో కాయిన్ కూలినప్పుడు మార్కెట్ అంతా ఎర్రగా ఉంది, ఇంట్లో డబ్బు అవసరం కూడా పడింది, సగం అన్‌బాండ్ నొక్కా. 21 రోజులు. అమ్మలేం, ముట్టుకోలేం, రివార్డూ రాదు, రోజూ ధర చూడటం తప్ప పనిలేదు. చార్టులు చూసే ఓపిక లేదని దిగినవాడిని ఆ మూడు వారాలు చూసినన్ని చార్టులు జన్మలో చూడలేదు. దీనికి కారణం లేకపోలేదు, వాలిడేటర్ పాత తప్పు ఆలస్యంగా బయటపడినా కోయడానికి కాయిన్లు అందుబాటులో ఉండాలి కదా, అందుకే వెళ్లిపోతున్నవాటిని కూడా పట్టి ఉంచుతారు. తర్వాత అన్‌బాండింగ్ క్యాన్సిల్ చేసుకునే సదుపాయం వచ్చింది, అప్పట్లో అదీ లేదు. కార్డానో అనే ఇంకో బ్లాక్‌చెయిన్‌లో స్టేక్ చేసే మా ఫ్రెండ్‌కి ఈ బాధే లేదు, అక్కడ లాకింగ్ లేదు, కోత లేదు, డెలిగేట్ చేసి కూడా ఎప్పుడంటే అప్పుడు తీసేసుకోవచ్చు.

వడ్డీ అంటాం కానీ అది వడ్డీ కాదు. ఎవరో అప్పు తీసుకుని కడుతున్న డబ్బు కాదది, ఎక్కువభాగం కొత్తగా ముద్రించిన కాయిన్లే. మొత్తం సప్లైలో మూడింట రెండు వంతులు స్టేక్‌లో ఉండాలని లక్ష్యం, అంతకంటే తగ్గితే ముద్రణ పెరుగుతుంది, ఒకప్పుడు పరిమితి 7 నుంచి 20 శాతం. అంటే స్టేక్ చేసేవాడు తన వాటా కాపాడుకుంటున్నాడు, చేయనివాడి వాటా కరిగిపోతోంది. ఇలాంటి రూల్స్ స్టేక్ చేసినవాళ్ల ఓటుతోనే మారతాయి, 2023 నవంబర్‌లో 848వ ప్రపోజల్ ఆ 20ని 10కి దించింది, తక్కువ తేడాతో పాసైంది. నా రివార్డు తగ్గుతుందని తెలిసీ యెస్ వేశా, నా వాలిడేటర్ నో వేశాడు. ఇది చాలామందికి తెలియదు, మనం ఓటు వేయకపోతే మన తూకం వాలిడేటర్ ఓటుతోనే పోతుంది, మనం వేస్తే మన ఓటే లెక్క. ఎక్స్ఛేంజ్‌లోనే స్టేక్ చేసేవాళ్లకి సాధారణంగా ఈ ఓటు చేతికి రాదు.

లెక్కలోకి వస్తే, కాయిన్లు పెరిగాయి, రూపాయలు తగ్గాయి. కొన్నప్పుడు 20 డాలర్లకి అటూ ఇటూ, ఇప్పుడు అందులో చిన్న ముక్క. దానికితోడు 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఒకదాంట్లో నష్టం ఇంకోదాంట్లో సర్దుకోనివ్వరు. మొదట్లో వారం వారం క్లెయిమ్ చేసేవాడిని, మార్చి వచ్చేసరికి ఎక్సెల్‌లో యాభై వరసలు, ఒక్కోదానికి ఆ రోజు రూపాయి ధర వెతకాలి, మా సీఏ మొహం చూడాలి. పైగా కొత్తగా డెలిగేట్ చేసినా, మార్చినా ఆ వాలిడేటర్ దగ్గరున్న రివార్డు దానంతటదే వాలెట్‌లోకి వచ్చేస్తుంది, ఆ వరసలు అదనం. ఇప్పుడు మూడు నెలలకోసారి క్లెయిమ్ చేస్తున్నా, మిగిలిన సగం ముగ్గురు వాలిడేటర్లకి పంచా, ముగ్గురూ టాప్ 20 బయటివాళ్లే, ఒకటో తారీఖున జైల్లో ఎవరైనా ఉన్నారా అని చూస్తా. మొన్న ఒకటో తారీఖుకి ఎవరూ లేరు.